నారు పోసే ముందు మట్టిని పలకరించండి!

విత్తనాలు మంచివే తెచ్చారు. నీళ్ళూ వేళకే పోశారు. ఆరో రోజుకల్లా టమాటా మొలకలు రెండేసి ఆకులతో ముచ్చటగా తలెత్తాయి. ఇంకో నాలుగు రోజులు గడిచాక పొద్దున్నే కాఫీ గ్లాసుతో డాబా ఎక్కి చూస్తే, సగం మొలకలు పక్కకి ఒరిగి పడుకుని ఉంటాయి. కాడ మట్టిని తాకే చోట నీరుకారి, దారంలా సన్నబడి ఉంటుంది. ఆకు మాత్రం ఇంకా పచ్చగానే ఉంటుంది. రెండు రోజుల్లో మిగిలిన సగానిదీ అదే దారి.

"విత్తనం నకిలీది" అని కొట్టువాణ్ణి తిట్టుకుంటాం. "నా చెయ్యి మంచిది కాదు" అని తమని తామే నిందించుకునే వాళ్ళూ ఉన్నారు. విత్తనంలో జీవం లేకపోతే అసలు మొలవనే మొలవదు కదా! దీన్ని నారుకుళ్ళు తెగులు అంటారు. పిథియం, రైజోక్టోనియా అని బూజులాంటి సూక్ష్మజీవులు దీనికి కారణం. అవి మట్టిలోనే ఉంటాయి. మట్టి బిగుసుకుపోయి, గాలాడక, అస్తమానూ తడిగా ఉందంటే వాటికి పండగే. నారు పోసినవాడు నీరు పోయడా అని సామెత. కుండీల విషయంలో మాత్రం, ఆ నీరు కాస్త ఎక్కువ పోసేవాళ్ళ వల్లే నారు పోతోంది!

నారుకి బలం అక్కర్లేదు

ఇది వినగానే చాలామంది ఒప్పుకోరు. "బలమైన మట్టి వేస్తే మొక్క బలంగా వస్తుంది" అని మనందరికీ ఓ నమ్మకం. పెద్ద మొక్కకి అది నిజమే. మొలకకి కాదు. విత్తనం తన తిండి తనే మూటగట్టుకుని వస్తుంది. మొదటి పది రోజులూ ఆ మూటలోదే తింటుంది. పుట్టిన బిడ్డకి అన్నప్రాశన చెయ్యకుండానే పప్పన్నం పెడతామా? ఇదీ అంతే. ఆ వయసులో దానికి కావలసింది మూడే: వేరు చొచ్చుకుపోయేంత గుల్లదనం, చేతికి చెమ్మ తగిలేంత తడి, శుభ్రమైన మట్టి. సరిగా మగ్గని పశువుల ఎరువు, దోసిళ్ళకొద్దీ వర్మీకంపోస్టు వేసిన మట్టిలో లవణాలు ఎక్కువై లేత వేళ్ళ కొసలు మాడిపోతాయి. నారు పోసే మట్టిలో ఎరువు నాలుగో వంతుకి మించకూడదు.

మరి మట్టి గుల్లగా ఉందో లేదో తెలిసేదెలా? ఇందుకు మన వంటింటి లెక్క ఒకటి చాలు. అరిసెలకి దంచిన తడిపిండి గుర్తు తెచ్చుకోండి. గుప్పిట పట్టి నొక్కితే ముద్ద కావాలి, బొటనవేలితో తాకితే పొడిగా విడిపోవాలి. మట్టి కూడా అలాగే ఉండాలి. చలిమిడిలా వేళ్ళకి అంటుకుని సాగిందా, అది నారుకి పనికిరాదు. గుప్పిట తెరవగానే ఇసుకలా జారిపోయిందా, అది తడి నిలుపుకోదు.

సంచి కొనే ముందు

ఇప్పుడు నర్సరీల్లోనూ, ఫోన్లో ఆర్డరిస్తే ఇంటికీ పాటింగ్ మిక్స్ అని సంచులు వస్తున్నాయి. సంచి మీద "సేంద్రియం" అన్న మాట, ఎర్రటి టమాటా పండ్ల బొమ్మ చూసి కొనేయకండి. వెనక చిన్న అక్షరాలు చదవండి. లోపల ఏమేం కలిపారు, ఏ నెలలో తయారైంది అన్నవి రాసి ఉండాలి. "సహజ పోషకాలు" అని ఊరుకున్న సంచి నేనైతే తీసుకోను. బరువునిబట్టి కొనడం కూడా మోసమే. తడిసిన సంచి బరువు ఎక్కువ తూగుతుంది, అందులో మీరు కొనేది నీళ్ళు! లీటర్ల లెక్క ఉంటే దాన్ని చూసుకోండి.

ఇంటికి తెచ్చాక ముక్కే మీ పరీక్ష. వాన పడ్డప్పుడు వచ్చే మట్టివాసన వస్తే మంచిది. పుల్లటి వాసన, మురుగువాసన, ముక్కుకి ఘాటుగా కొట్టే వాసన వచ్చిందంటే అందులో ఎరువు ఇంకా మగ్గలేదన్నమాట. అనుమానంగా ఉంటే ఓ గుప్పెడు తీసి, తడిపి, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూతి కట్టి మూడు రోజులు నీడన ఉంచండి. విప్పగానే పచ్చి కంపు కొడితే ఆ సంచిని ఇంకో నెల రెండు నెలలు ఓ మూల మగ్గనివ్వాల్సిందే. పశువుల ఎరువు విడిగా కొనేవాళ్ళు చేత్తో గెలికి చూడండి. ముద్దలుగా, పేడ రంగు తెలుస్తూ ఉంటే వద్దు. అందులో తెల్లగా, లావుగా, అర్ధచంద్రంలా ముడుచుకున్న పురుగులు కనిపిస్తే ఏరి పారెయ్యండి. పెంటలో పెరిగే పెంకుపురుగుల పిల్లలవి. వాటిలో వేళ్ళు కొరికే జాతులు కూడా ఉంటాయి.

మట్టి అంటే తోపుడు బండి మీదో, ఆటోలోనో తెచ్చి పోసే ఎర్రమట్టి కూడా ఉంది. పునాదులు తవ్విన చోటి మట్టి మాత్రం తెచ్చుకోకండి. అది అడుగున ఉండే మొరం, దాంట్లో జీవం ఉండదు, పైగా సున్నం, సిమెంటు కలుస్తాయి. చెరువు మట్టి మంచిదే కదా అంటారు. తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక రైతులు చెరువుల పూడిక మట్టి ట్రాక్టర్లతో పొలాలకి తోలుకున్నారు. చెల్క నేలల్లో అది బంగారమే. కానీ కుండీ పొలం కాదు. ఆ మెత్తటి బంక అంతా కుండీలో అడుక్కి చేరి సిమెంటులా బిగుస్తుంది. పెద్ద మొక్కల కుండీల్లో నాలుగో వంతు కలుపుకోండి, నారుకి వద్దే వద్దు.

కొబ్బరి పొట్టూ, మన నీళ్ళూ

కోకోపీట్ అని ఇటుకల్లా అమ్మేది మన కొబ్బరి పొట్టే. పీచు తీశాక మిగిలే పొడి. 650 గ్రాముల ఇటుక నీళ్ళలో వేస్తే ఉబ్బి 8, 9 లీటర్ల పొట్టు అవుతుంది. తేలిక, గాలాడుతుంది, తడి పట్టి ఉంచుతుంది. నారు పెంచే నర్సరీల వాళ్ళు 98 గుంటల ట్రేల్లో నింపేది దీన్నే. కాకపోతే కొబ్బరి డొక్కల్ని చాలా చోట్ల ఉప్పునీటి కయ్యల్లో నానబెడతారు. ఆ ఉప్పు పొట్టులో ఉండిపోతుంది. "కడిగినది" అని రాసి ఉన్నా సరే, బకెట్లో నానబెట్టి, పాత పంచెలో వేసి పిండి, మళ్ళీ మంచినీళ్ళు పోసి, మూడు సార్లు కడగండి. పిండిన నీళ్ళు మొదటిసారి చిక్కటి టీ డికాక్షన్లా ఉంటాయి, మూడోసారికి పల్చబడతాయి. మీ ఇంట్లో నీళ్ళ ఫిల్టరు బాగుచెయ్యడానికి వచ్చే అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటరని పెన్నులాంటిది ఉంటుంది. ఈసారి వచ్చినప్పుడు పిండిన నీళ్ళలో ముంచి చూపించమనండి. మీరు వాడిన నీళ్ళ అంకెకి ఇది దగ్గర పడేదాకా కడగాలి.

అంకె మాట వచ్చింది కాబట్టి నీళ్ళ సంగతి కూడా. ఆర్వో ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్ళు వృథా అవుతున్నాయని మొక్కలకి పోస్తుంటాం. అందులో మామూలు నీళ్ళకంటే ఉప్పు ఎక్కువ. గిన్నెలు తోముకోండి, ఇల్లు తుడుచుకోండి, నారుకి మాత్రం పొయ్యకండి. అపార్టుమెంట్లలో బోరు నీళ్ళకి సాఫ్ట్‌నర్ మిషను పెడుతున్నారు. అది సున్నం తీసేసి దాని బదులు సోడియం ఇస్తుంది. చర్మానికీ గిన్నెలకీ మంచిదేమో గానీ మట్టిని బిగదీస్తుంది. మిషనులోకి వెళ్ళకముందు నీళ్ళు పట్టుకోగలిగితే మేలు. వాననీళ్ళు అన్నిటికన్నా శ్రేష్ఠం. ఏసీ నుంచి కారే నీళ్ళు కూడా ఫర్వాలేదు, వాటిలో లవణాలు ఉండవు.

గుప్పెడు మెంతులు చెప్పే నిజం

ఇన్ని గుర్తులు చూసినా మట్టి మనసులో ఏముందో పైకి తెలియదు. దానికి సాక్ష్యం చెప్పించే పని మెంతులకి అప్పజెప్పాలి. మెంతులే ఎందుకంటే, ప్రతి ఇంట్లో పోపులపెట్టెలో ఉంటాయి, మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, మట్టిలో ఉప్పు గానీ మగ్గని ఎరువు గానీ ఉంటే వెంటనే తెలిసిపోతుంది.

రెండు పెరుగు డబ్బాలు తీసుకుని అడుగున చిల్లులు పెట్టండి. ఒకదాంట్లో మీరు వాడదామనుకున్న మట్టి, రెండోదాంట్లో కడిగిన ఇసుకో, కడిగిన కొబ్బరి పొట్టో నింపండి. రెండో డబ్బా ఎందుకంటే, మెంతులే పుచ్చువైతే తప్పు మట్టి మీదకి పోకుండా. రాత్రి నానబెట్టిన మెంతులు ఒక్కో డబ్బాలో ఇరవై లెక్కపెట్టి చల్లి, పల్చగా మట్టి కప్పి, ఒకే చోట పెట్టి, ఒకే నీళ్ళు పొయ్యండి. వారం తర్వాత లెక్కచూడండి. రెండింట్లో ఇంచుమించు సమానంగా మొలిస్తే మట్టి మంచిదే. మీ మట్టిలో సగానికి సగం మొలవకపోయినా, మొలిచినవి ఆకు అంచు మాడి పసుపుపచ్చగా ఉన్నా, అందులో నారు పొయ్యకూడదు. ఒక మొలకని పీకి వేరు కూడా చూడండి. తెల్లగా, నూలుపోగులా పొడవుగా దిగి ఉండాలి. పొట్టిగా, కొస గోధుమరంగులో ఉంటే ఆ మట్టి వేరుని కాలుస్తోందన్నమాట. మొలిచిన మెంతికూర వృథా ఏం కాదు, పప్పులోకి వస్తుంది.

మా పక్కింటావిడకి వాళ్ళమ్మగారు గోదావరి వైపు నుంచి ముళ్ళ వంకాయ విత్తనాలు కాగితం పొట్లంలో కట్టి ఇచ్చారు. ఆ పెద్దావిడ పోయాక ఊళ్ళో పెరడు కూడా అమ్మేశారు. అంటే ఆ పొట్లంలో ఉన్నవే ఆఖరి గింజలు. ఖరీదైన సంచి కొనుక్కొచ్చి సగం గింజలు పోశారు. మొలిచాయి, ఒరిగాయి. మిగతావి పోసేస్తానంటుంటే ఆగమని మెంతుల పరీక్ష పెట్టించాను. సంచి మట్టిలో ఇరవైకి ఏడు మొలిచాయి. ఆవిడ పారేద్దామని మెట్ల కింద పెట్టిన పోయినేటి కుండీ మట్టిలో పద్దెనిమిది! ఆ పాత మట్టినే ఇప్పుడు చెప్పబోయే విధంగా బాగుచేసి, మిగిలిన గింజలు పోశారు. పదకొండు నారు మొక్కలు నిలిచాయి. ఈ ఏడు కాసిన వాటిలో రెండు కాయలు విత్తనానికని పండబెట్టి ఉంచారు.

పాత మట్టిని పారెయ్యకండి

ఊళ్ళో అయితే పాత మట్టి పెరట్లో పోస్తాం. పట్నంలో అది ఎక్కడ పొయ్యాలి? చెత్తబండి అబ్బాయి తీసుకోడు. సంచులకి సంచులు కొత్తది కొని మెట్లెక్కించేకన్నా ఉన్నదాన్ని బాగుచేసుకోవడం నయం.

ముందు కుండీని ఓ పాత దుప్పటి మీద బోర్లించండి. మట్టి దుమ్ము ఎగరకుండా కాస్త తడిపి, గడ్డలు చిదిపి, వేళ్ళు ఏరండి. ఆ వేళ్ళని పారేసే ముందు ఓసారి చూడండి. టమాటా, వంగ, బెండ వేళ్ళ మీద ఆవగింజంత నుంచి శనగగింజంత బుడిపెలు ఉంటే అవి నులిపురుగులు చేసినవి. ఆ మట్టిలో మళ్ళీ కూరగాయల నారు పోస్తే కూర్చోబెట్టి రోగం అంటించినట్టే. దాన్ని వేరుగా పెట్టి, ఎండబెట్టాక ఓ పంట బంతి మొక్కలు వేసుకోండి. బుడిపెలు లేకపోయినా సరే, టమాటా, వంగ, మిరప, బంగాళాదుంప అన్నీ ఒకే కుటుంబం. టమాటా తీసిన మట్టిలో మిరప నారు పొయ్యకుండా తోటకూరో, చిక్కుడో వేసే కుండీకి మళ్ళించండి.

కుండీ అంచున, మట్టి పైన తెల్లటి పొరలా కట్టి ఉంటే అది నీళ్ళలోంచి చేరిన ఉప్పు. పై పొర గీకి తీసేసి, మిగతా మట్టిని చిల్లుల బకెట్లో నింపి, బకెట్టు మట్టికి రెండు బకెట్ల మంచినీళ్ళు నెమ్మదిగా పోసి కిందికి కారనివ్వండి. తొలకరి వానలో పెట్టేస్తే ఇంకా సుళువు. మట్టి మరీ ఎండిపోయి ఉంటే పైన పోసిన నీళ్ళు లోపలికి ఇంకకుండా పక్కల నుంచి జారిపోతాయి. అప్పుడు బకెట్టుని నీళ్ళ తొట్టెలో కూర్చోబెట్టి కింద నుంచి తాగనివ్వాలి. సాయంత్రానికి పైదాకా చెమ్మ ఎక్కుతుంది.

ఇక అసలు వైద్యం ఎండ. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ ఎండని ఊరికే పోనివ్వడమెందుకు? ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద ఓ ప్లాస్టిక్ షీటు పరిచి, మట్టిని జానెడుకన్నా తక్కువ మందాన పరచండి. బాగా తడపండి. పొడిమట్టికన్నా తడిమట్టిలో వేడి లోపలికి దిగుతుంది, బూజుల్ని చంపుతుంది. పైన పల్చటి, అద్దంలా అవతలిది కనబడే ప్లాస్టిక్ షీటు కప్పి, చుట్టూ ఇటుకలు పెట్టి గాలి చొరకుండా మూసెయ్యండి. నల్ల షీటు ఎక్కువ వేడెక్కుతుందని అనుకుంటాం గానీ, అది వేడంతా తనే పట్టేసుకుంటుంది. మట్టి వేడెక్కాలంటే తెల్లటి షీటే కావాలి. నాలుగు నుంచి ఆరు వారాలు అలా వదిలేస్తే మృగశిర వానలు పడేనాటికి మట్టి సిద్ధం. కలుపు గింజలు కూడా చాలావరకు చస్తాయి.

వానాకాలంలోనో, చలికాలంలోనో హఠాత్తుగా కావాలంటే? రెండు మూడు డబ్బాల మట్టికైతే ఆవిరి పట్టొచ్చు. వంటకి పనికిరాని పాత ఇడ్లీ పాత్రలో కింద నీళ్ళు పోసి, పైన గుడ్డలో వదులుగా మూటకట్టిన తడిమట్టి పెట్టి, ఆవిరి వచ్చాక అరగంట ఉంచి దించెయ్యండి. ఎక్కువసేపు ఉడికిస్తే మట్టికి మంచికన్నా చెడు ఎక్కువ. వాసన వస్తుంది, పెరట్లోనో బాల్కనీలోనో చేసుకోండి. ఇంట్లో వాళ్ళ మాటలు పట్టించుకోకండి!

మళ్ళీ ప్రాణం పొయ్యాలి

ఎండబెట్టిన మట్టిలో చెడ్డవాటితోబాటు మంచి సూక్ష్మజీవులు కూడా తగ్గుతాయి. అలా ఖాళీగా వదిలేస్తే ముందుగా చొరబడేది మళ్ళీ బూజే. అందుకని మంచివాటిని మనమే తెచ్చి పెట్టాలి. ట్రైకోడెర్మా విరిడి అని ఎరువుల దుకాణాల్లో పొట్లాలు దొరుకుతాయి. ఇది కూడా ఓ శిలీంధ్రమే, కానీ నారుకుళ్ళు తెచ్చేవాటిని తినేస్తుంది. జీవమున్న సరుకు కాబట్టి గడువు తేదీ చూసి కొనాలి, నీడన ఉంచాలి. 900 గ్రాముల బాగా మగ్గిన పశువుల ఎరువు, 100 గ్రాముల వేప పిండి, 20 గ్రాముల ట్రైకోడెర్మా కలిపి, చెమ్మగా తడిపి, తడి గోనెపట్టా కప్పి పది రోజులు నీడన ఉంచండి. తెల్లగా, ఆ తర్వాత ఆకుపచ్చగా బూజు కడుతుంది. భయపడి పారెయ్యకండి, మనకి కావలసింది అదే! ఈ కిలో ఎరువు ఓ పది కిలోల పాత మట్టికి సరిపోతుంది. కలిపాక రెండు వారాలు ఆగాలి. వేప పిండి మట్టిలో చివికేటప్పుడు వేడి పుడుతుంది, వెంటనే గింజ వేస్తే మాడుతుంది. ట్రైకోడెర్మా ఎండబెట్టక ముందు కలిపితే డబ్బు దండగ, ఆ వేడికి అదీ పోతుంది.

వేరుశనగ తెలగపిండి నారు మట్టికి వద్దు, చీమలూ ఈగలూ చేరతాయి. పొయ్యి బూడిద అందరూ వెయ్యమంటారు. మన బోరు నీళ్ళే క్షారంగా ఉండే చోట బూడిద ఇంకా క్షారం పెంచుతుంది, చిటికెడుకి మించొద్దు. కోడిగుడ్డు పెంకులు అరగడానికి నెలలు పడుతుంది, నారు వయసు నెలే.

ఇలా తయారైన పాత మట్టి రెండు డబ్బాలు, కడిగిన కొబ్బరి పొట్టు ఒక డబ్బా, నల్లగా మాడిన ఊక గానీ కడిగిన ఇసుక గానీ ఒక డబ్బా కలిపి, ఇసుక జల్లెడ పట్టండి. ఎరువు ఇందులో ఉంది కాబట్టి ఇంకేం వెయ్యక్కర్లేదు. రోబోసాండ్ వాడితే దానిలో రాతిపొడి పోయేదాకా కడగాలి, లేకపోతే బిగుస్తుంది. సముద్రపు ఇసుక సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ట్రేలో నింపాక గింజని దాని మందానికి రెండింతల లోతులో పెట్టండి. పైన తడి ఆరుతున్నట్టు కనిపించాకే నీళ్ళు, అదీ పొద్దుటి పూట. రాత్రంతా తడిగా ఉన్న మట్టే తెగులుకి మొదటి మెట్టు. బియ్యం కడిగిన నీళ్ళు మల్లెకీ గులాబీకీ పొయ్యండి. నారు ట్రేలో పోస్తే ఆ గంజికి బూజు పట్టి, దోమల్లాంటి చిన్న నల్లటి ఈగలు వస్తాయి. వాటి పిల్లలు లేత వేళ్ళు తింటాయి. మూడో ఆకు వచ్చాక అన్నప్రాశన. గుప్పెడు వర్మీకంపోస్టు లీటరు నీళ్ళలో రాత్రి నానబెట్టి, వడకట్టి, వారానికోసారి ఇవ్వండి. టమాటా 25, 30 రోజులకి, వంగ 30, 35 రోజులకి, మిరప 35, 40 రోజులకి కుండీలో నాటడానికి వస్తాయి.

ఇంత చేసినా ఓ మూల ఒకటి రెండు ఒరిగితే వాటిని చుట్టూ ఉన్న మట్టితో సహా చెంచాతో తీసేసి, రెండు రోజులు నీళ్ళు ఆపండి. వ్యవసాయాధికారులు లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపమంటారు. మందులు వద్దనుకునేవాళ్ళకి నీళ్ళు ఆపి, గాలి తగిలేలా పెట్టడమే దారి.

చేతికి గాయాలుంటే తొడుగు లేకుండా మట్టి ముట్టుకోకండి, ధనుర్వాతం ఇంజెక్షను వేయించుకుని ఎన్నేళ్ళయిందో చూసుకోండి. మిగిలిన మట్టిని చెమ్మ పూర్తిగా ఆరిపోకుండా, సంచి మూతి వదులుగా కట్టి నీడన ఉంచండి. ఆవకాయ జాడీ మీద రాసినట్టే దాని మీదా ఏ నెలలో కలిపారో, అంతకుముందు అందులో ఏ మొక్క ఉందో రాసి పెట్టుకోండి. ఆరు నెలలు దాటాక వాడితే మళ్ళీ ఇరవై మెంతులు చల్లి చూడండి.